పిల్లలంటే ఇష్టమా? ముందు గమనించడం నేర్చుకోండి

"నాకు పిల్లలంటే ప్రాణమండీ." ప్లేస్కూల్లోనో అంగన్‌వాడీలోనో పని చేయాలనుకునేవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. మంచి మాట. అయితే ఆ ఇష్టం ఒక్కదాన్నే నమ్ముకుని ఇరవైమంది మూడేళ్ళ పిల్లల మధ్యకి వెళ్తే పొద్దున పదకొండు కాకముందే ఓపిక అడుగంటుతుంది. ఒకడు అమ్మ కావాలని ఏడుస్తుంటాడు. ఒకమ్మాయి పక్కమ్మాయి జుట్టు పట్టుకు లాగుతుంటుంది. ఇంకొకడు నిక్కరు తడిపేసుకుని మూలన బిక్కమొహంతో నిలబడి ఉంటాడు. ముగ్గురికీ మీరే కావాలి, ఇప్పుడే కావాలి. ఎవరి దగ్గరికి ముందు వెళ్తారు?

అనుభవం ఉన్న టీచరు ముందు జుట్టు లాగుతున్న చెయ్యి విడిపిస్తుంది. ఎందుకంటే దెబ్బ తగులుతున్నది అక్కడ. ఏడుస్తున్నవాడి చెయ్యి పట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకునే తడిసిన పిల్లవాడి దగ్గరికి నడుస్తుంది. నలుగురూ చూసేలోపు వాణ్ణి బయటికి తీసుకెళ్ళి బట్టలు మార్పిస్తుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో, గొంతు పెంచకుండా జరిగిపోతుంది. బయటినుంచి చూసేవాళ్ళకి అది ఓపికలా కనిపిస్తుంది. లోపల జరుగుతున్నది వేరు: ఆమె చూస్తోంది, తేల్చుకుంటోంది, ఆ తర్వాతే కదులుతోంది.

ఈ వృత్తికి పునాది ఆ చూపే. అది పుట్టుకతో వచ్చేది కాదు. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. సికింద్రాబాద్‌లో ఉంటూ ఈ దారిలోకి రావాలనుకునే అమ్మాయిలకి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఉద్యోగం వెతుక్కుంటున్న తల్లులకి, ఈ పని ఆడవాళ్ళదే అని వెనకాడుతున్న అబ్బాయిలకి కూడా ఈ వ్యాసం.

ఎంత పెద్ద పని పెట్టుకుంటున్నారో తెలుసుకోండి

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని మన జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. అందుకే మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, అంగన్‌వాడీనీ ప్రీస్కూల్‌నీ ఒకటి, రెండు తరగతులతో కలిపి ఒకే వరసలో పెట్టింది. అంతకుముందే, 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేళ్ళు నిండేవరకు ప్రతి బిడ్డకీ సంరక్షణ, విద్య అందించేందుకు ప్రభుత్వం కృషి చేయాలని రాసింది. అంటే మీరు చేరబోయే పని రాజ్యాంగంలో చోటున్న పని.

ఆ పని ఫలితం ఎంత దూరం వెళ్తుందో ఒక అధ్యయనం చూపించింది. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్ళో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మొదలైంది. పేద కుటుంబాల పిల్లల్ని 123 మందిని తీసుకుని, కొందరికి మంచి ప్రీస్కూల్ చదువు అందించారు. మిగిలినవాళ్ళకి అది లేదు. నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆ పిల్లల జీవితాల్ని గమనిస్తూ వచ్చారు. ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్ళు ఎక్కువ, మంచి సంపాదన ఉన్నవాళ్ళు ఎక్కువ, పోలీసు కేసుల్లో చిక్కినవాళ్ళు తక్కువ. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. వాళ్ళ తెలివితేటల పరీక్షల్లో మొదట కనిపించిన ఆధిక్యం కొన్నేళ్ళకే తగ్గిపోయింది. నిలిచింది పట్టుదల, తనను తాను అదుపు చేసుకోవడం, నలుగురితో కలిసి మెలగడం. ఈ మూడూ ఏ పుస్తకం నుంచీ రావు. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళని చూసి వస్తాయి. కాబట్టి ఈ ఉద్యోగంలో సిలబస్ మీరే.

ఊళ్ళోనే ఉన్న దారులు

మొదటి దారి అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకంతో మొదలైన వ్యవస్థ ఇది. తెలంగాణలో సుమారు 35,700 కేంద్రాలున్నాయి. టీచరు పని ఆటపాటలతో ఆగదు. పిల్లల ఎత్తు, బరువు చూడాలి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. వేడి భోజనం పెట్టించాలి. మూడేళ్ళలోపు పిల్లల ఇళ్ళకి బాలామృతం అనే పోషకాహారం అందించాలి. ఆ బాలామృతం తయారయ్యేది మన పక్కనే, నాచారంలో. ఈ ఉద్యోగాలకి మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లాల వారీగా ప్రకటన ఇస్తుంది. స్థానికంగా నివసించే మహిళలే అర్హులు. చదువు, వయసు షరతులు ఆ ప్రకటనలోనే చూసుకోవాలి.

రెండో దారి డిప్లొమా. ఇంటర్ వొకేషనల్‌లోనే ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ కోర్సు ఉంది. ఇంటర్ అయ్యాక డీసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే రెండేళ్ళ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమాలో గానీ, ప్రాథమిక తరగతులకి పనికొచ్చే డీఎల్ఎడ్‌లో గానీ చేరవచ్చు. మన నేరేడ్‌మెట్‌లోనే ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ ఉంది. ఇంట్లో ఉండి చదవాలనుకునే తల్లులకి ఇంటర్ అర్హతతో ఇగ్నో వారి డిప్లొమా ఇన్ ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ ఉంది. డిగ్రీ స్థాయిలో లోతుగా చదవాలంటే సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది. శిశు వికాసం అక్కడ ఒక పూర్తి విభాగం. విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి కాలేజీలోనే ఒక నర్సరీ బడి నడుస్తుంది.

మూడో దారి ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని. ఈ విషయంలో మన ఊరు అదృష్టం చేసుకుంది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ స్థాయి సంస్థ నడుస్తోంది. ఒకప్పటి ఎన్ఐఎంహెచ్, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ అదే. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను.

ఇవి కాక ఆఫీసుల్లో ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్‌లున్నాయి. యాభైమంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. మారేడ్‌పల్లి నుంచి అల్వాల్ దాకా వీధికో ప్లేస్కూల్ ఉండనే ఉంది.

డబ్బు కట్టేముందు ఏ శిక్షణ సంస్థనైనా మూడు ప్రశ్నలు అడగండి. ఈ సర్టిఫికెట్‌ని ఎవరు గుర్తిస్తారు? నిజమైన తరగతిలో పిల్లలతో ఎన్ని వారాలు పని చేయిస్తారు? నా పని చూసి తప్పొప్పులు చెప్పే అనుభవజ్ఞులు ఎవరు? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఫీజు జేబులోనే ఉంచుకోండి.

నోటుపుస్తకం పెట్టుకోండి

ఇక అసలు విద్య. రోజుకి ఒక్క బిడ్డని ఎంచుకోండి. పది నిమిషాలు జోక్యం చేసుకోకుండా చూడండి. చూసింది చూసినట్టు రాయండి. "అల్లరివాడు" అని రాస్తే అది తీర్పు. దానితో రేపు మీరేం చేయాలో తెలియదు. "పది నిమిషాల్లో నాలుగుసార్లు పక్కవాళ్ళు పేర్చిన బ్లాకులు తోసేశాడు. తోసిన ప్రతిసారీ వాళ్ళ మొహాల్లోకి చూశాడు. చివరికి ఒక పిల్ల వాడి చేతికి ఎర్ర బ్లాకు ఇచ్చింది. అది తీసుకుని పైన పెట్టి, అక్కడే కూర్చున్నాడు" అని రాస్తే అది సమాచారం. చదువుతుంటేనే విషయం తెలిసిపోతోంది కదా! వాడికి ఆట చెడగొట్టాలని లేదు. ఆటలో చేరాలని ఉంది. "నన్నూ ఆడించుకోండి" అని అడగడం ఇంకా రాదు. రేపు మీరు చేయాల్సింది శిక్షించడం కాదు, ఆ ఒక్క మాట నేర్పడం.

1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటని ఇలాగే కూర్చుని గమనించింది. ముందు ఒంటరిగా ఆడటం, తర్వాత పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడటం, ఆ తర్వాత ఒకరి వస్తువులు ఒకరు తీసుకోవడం, చివరికి కలిసి ఒకే ఆట ఆడటం. ఈ మెట్లు తెలిస్తే రెండున్నరేళ్ళ పిల్లని "బొమ్మ పంచుకోవేం?" అని కసరరు. ఆ మెట్టు ఇంకా రాలేదని మీకు తెలుసు కాబట్టి అలాంటివే రెండు బొమ్మలు పెడతారు.

ఈ రంగానికి దారి వేసినవాళ్ళు కూడా చూపుతోనే మొదలుపెట్టారు. మరియా మాంటిస్సోరి వైద్యురాలు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేదల వాడలో బాలల గృహం తెరిచి, రోగిని పరీక్షించే శ్రద్ధతో పిల్లల్ని పరిశీలించింది. 1939లో మద్రాసు అడయారుకి శిక్షణ ఇవ్వడానికి వచ్చి, యుద్ధం వల్ల 1946 వరకు ఇక్కడే ఉండిపోయింది. మన దేశంలో ఎందరో టీచర్లు ఆమె దగ్గర నేర్చుకున్నారు. గిజుభాయి బధేకా న్యాయవాది. సొంత కొడుకు పెంపకం గురించి ఆలోచిస్తూ ఈ దారికి వచ్చి, 1920లో భావనగర్‌లో బాలమందిర్ మొదలుపెట్టాడు. మన చలం ఏ శిక్షణ కాలేజీ కోసమో కాక, తల్లిదండ్రుల కోసమే 'బిడ్డల శిక్షణ' రాశాడు. వేరే వృత్తిలోంచి వస్తున్నామని సంకోచించేవాళ్ళు మాంటిస్సోరి, గిజుభాయి పేర్లు గుర్తుంచుకోండి.

గేటు దగ్గర మొదటి పరీక్ష

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఏ ప్లేస్కూల్ గేటు దగ్గరైనా ఏడుపులే. కొత్త టీచరు సామర్థ్యం అక్కడే తేలిపోతుంది. చాలామంది చేసే పని ఒకటే: అమ్మని "మీరు వెనకనుంచి వెళ్ళిపోండి" అని పంపించేసి, బిడ్డకి బొమ్మ చూపించడం. ఆ పూటకి పని జరుగుతుంది. మర్నాడు ఆ బిడ్డ అమ్మ కొంగు రెట్టింపు గట్టిగా పట్టుకుంటుంది. చెప్పకుండా మాయమయ్యే మనిషిని ఎలా నమ్ముతుంది?

ఇలా చేసి చూడండి. మోకాళ్ళ మీద కూర్చుని, మీ కళ్ళు బిడ్డ కళ్ళకి సమానంగా వచ్చేట్టు చూసుకోండి. అమ్మ చేత చెప్పించండి: "నేను వెళ్తున్నా. నువ్వు అన్నం తిని, చేతులు కడుక్కున్నాక వచ్చి తీసుకెళ్తా." గంట ఎంతో పసివాళ్ళకి తెలియదు, అన్నం తర్వాత అంటే తెలుస్తుంది. అమ్మ వెళ్ళాక "ఏడవకు, ఏడవకు" అనకండి. "అమ్మ వెళ్ళిందని ఏడుపొస్తోంది కదా. నేనిక్కడే ఉన్నా" అనండి. ఏడుపు కాస్త నెమ్మదించాక చేతికి ఒక పని ఇవ్వండి. మొక్కలకి నీళ్ళు పోయించండి, గ్లాసులు సర్దించండి. చేతిలో పని ఉన్న బిడ్డ తొందరగా తేరుకుంటుంది. అన్నం తిన్నాక అమ్మ నిజంగానే రావాలి. ఆలస్యం చేయొద్దని అమ్మకి గట్టిగా చెప్పడం కూడా మీ ఉద్యోగమే.

గొంతు తగ్గిస్తే తరగతి వింటుంది

తెలుగువాళ్ళకి ఈ విషయంలో గొప్ప గురువులున్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా రెండు మూడు తరాల పిల్లలకి సొంత మనుషులయ్యారు. బాలానందం కార్యక్రమంలో వాళ్ళ దగ్గరున్నది గొంతు ఒక్కటే. దానితోనే లక్షల ఇళ్ళలో పిల్లల్ని కూర్చోబెట్టారు. తెచ్చిపెట్టుకున్న ముద్దుమాటలు అక్కర్లేదు. స్పష్టమైన మాట, నిండైన ఆప్యాయత ఉంటే చాలు.

మీ గొంతుకి మూడు నియమాలు పెట్టుకోండి. గది అవతలి మూలనుంచి కేకవేయకండి, దగ్గరికి నడిచి వెళ్ళి చెప్పండి. "పరిగెత్తొద్దు" అనకుండా "నడుద్దాం రా" అనండి. పసివాళ్ళకి ఏం చేయకూడదో కంటే ఏం చేయాలో చెబితే తేలిగ్గా అందుతుంది. ఒక మాట చెప్పాక పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి. చిన్న మెదడు విని, అర్థం చేసుకుని, ఒళ్ళు కదపడానికి ఆ మాత్రం సమయం కావాలి. మనం తొందరపడి అదే మాట మూడుసార్లు అంటే, మూడుసార్లూ వాడు మొదటినుంచి వినాలి.

రాత తొందర మాన్పించండి

"మూడేళ్ళు నిండాయి, ఇంకా ఏబీసీడీలు రాయట్లేదేంటి?" ఈ ప్రశ్న మీకు వారానికోసారైనా ఎదురవుతుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి నిర్ణీత పాఠ్యపుస్తకాలే వద్దంది. చదువంతా ఆటలోంచి రావాలంది. పెన్సిల్ పట్టుకోవాలంటే ముందు భుజం, మణికట్టు, మూడు వేళ్ళు బలపడాలి.

ఆ బలం ఎలా వస్తుందో తరగతిలో చూపించండి. మోండా మార్కెట్ నుంచి పావుకిలో పచ్చి బఠానీ కాయలు తెప్పించి నాలుగేళ్ళ పిల్లల ముందు పెట్టండి. కాయ చీల్చడానికి బొటనవేలు, చూపుడువేలు కలవాలి. గింజ జారిపోకుండా మధ్యవేలు అడ్డం రావాలి. ఒలిచిన గింజల్ని గిన్నెలో వేస్తూ లెక్క వస్తుంది. తొక్కలు ఒక పక్కకి, గింజలు ఒక పక్కకి వేస్తూ వర్గీకరణ వస్తుంది. రంగు, వాసన, రుచి గురించి మాటలు వస్తాయి. ఆ పూట వాళ్ళు చేసింది రాతకి తయారీ, లెక్క, భాష, విజ్ఞానం. మూడేళ్ళలోపు పిల్లల దగ్గర మాత్రం గింజలు వద్దు, గొంతులో అడ్డుపడతాయి. వాళ్ళకి చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, పాత దినపత్రిక చింపనివ్వండి, చిన్న చెంబుతో గ్లాసులోకి నీళ్ళు పోయనివ్వండి. ఒలికితే తుడవడానికి చేతిగుడ్డ పక్కనే పెట్టండి. తుడవడం కూడా పాఠమే.

అచ్చంగా మన పిల్లల చుట్టూ ఉన్నదే పాఠం చేయండి. లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లాడికి రైలు గురించి మీకంటే ఎక్కువ తెలుసు. వాణ్ణి చెప్పనివ్వండి. ఆషాఢంలో లష్కర్ బోనాలు వచ్చినప్పుడు మట్టి కుండ, వేపమండ, పసుపు, డప్పు దరువు గదిలోకి రావాలి. చెమ్మచెక్క, ఒప్పుల కుప్ప, దాగుడుమూతలు మన దగ్గర ఉండగా ఖరీదైన ప్లాస్టిక్ సామాను లేదని ఏ టీచరూ దిగులుపడక్కర్లేదు.

ఇంటి భాషని గౌరవించండి

సికింద్రాబాద్ తరగతి గదిలో ఒకే వరసలో తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం, మరాఠీ, మార్వాడీ ఇళ్ళ పిల్లలు కూర్చుంటారు. కంటోన్మెంట్‌లో సైనికుల పిల్లలు ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. మొదటి నెలంతా ఒక బిడ్డ నోరు విప్పకపోతే కంగారుపడకండి. కొత్త భాషలో వినే దశ అది. ఆ బిడ్డ ఇంటి భాషలో నీళ్ళు, అన్నం, నొప్పి, బాత్రూమ్, అమ్మ వస్తుంది అనే మాటలు మీరే నేర్చుకోండి. తల్లిని అడిగి నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోండి. టీచరు నోట తన ఇంటి మాట విన్న బిడ్డ మొహం చూస్తే ఆ శ్రమ ఎందుకో మీకే తెలుస్తుంది. "ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి" అని తల్లిదండ్రులకి ఎప్పుడూ చెప్పకండి. అమ్మ భాష గట్టిపడితేనే తర్వాతి భాషలు నిలబడతాయి.

తేడా కనిపిస్తే తొందరగా చెప్పండి, పేరు మాత్రం పెట్టకండి

పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, నడకలో ఎప్పుడూ తూలడం. ఇలాంటివి ఇరవైమందిని పక్కపక్కన చూసే టీచరుకి ఇంట్లోవాళ్ళకంటే ముందు కనిపిస్తాయి. రెండు మూడు వారాలు తేదీలతో రాసిపెట్టండి. తర్వాత తల్లిదండ్రుల్ని విడిగా కూర్చోబెట్టి, బిడ్డకి బాగా వచ్చిన పనితో మొదలుపెట్టి, చూసిన సంగతి చెప్పండి. "మీవాడికి ఫలానా జబ్బు" అనే మాట మీ నోట రాకూడదు. అది నిర్ధారించేది నిపుణులు.

ఎక్కడికి పంపాలో మీకు తెలిసి ఉండాలి. బోయినపల్లి ఎన్ఐఈపీఐడీలో 2021 జూన్‌లో వేర్వేరు వైకల్యాలున్న పసిపిల్లలందరికీ ఒకే చోట సేవలందించే తొలిదశ చికిత్స కేంద్రం మొదలైంది. జూబిలీ బస్ స్టేషన్ దగ్గరి ఉపకార్ కూడలిలో స్వీకార్ పునరావాస సంస్థ 1977 నుంచి పనిచేస్తోంది. మీరే ఈ విభాగంలోకి రావాలనుకుంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి, ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. 1992 చట్టం ప్రకారం అది తప్పనిసరి.

కొన్ని గీతలు దాటకూడదు

కొట్టడం, చీకటి గదిలో పెట్టడం, అన్నం ఆపడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం. కారణం ఏదైనా ఇవి చేయకూడదు. తన అధీనంలో ఉన్న పిల్లల్ని హింసించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. కోపం నెత్తికెక్కుతోందని అనిపిస్తే తోటి టీచరునో ఆయానో పిలిచి, మీరు రెండు నిమిషాలు బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. సాయం అడగడం ఈ వృత్తిలో మంచి లక్షణం.

బిడ్డని ఎవరికి అప్పగించాలో పేర్లు, ఫోటోలు గేటు దగ్గర ఉండాలి. "నేను వాళ్ళ మామయ్యని" అన్నంతమాత్రాన పంపకూడదు. బిడ్డ ఒంటిమీద అనుమానం కలిగించే గుర్తులుంటే మాట దాచకండి. 1098 పిల్లల సహాయవాణి ఉంది. లైంగిక వేధింపుల సంగతి తెలిసి కూడా చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం.

ఉద్యోగంలో చేరేముందు తలల లెక్క చూసుకోండి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవైమందికి ఒకరు, మూడేళ్ళలోపువాళ్ళు పదిమందికి ఒకరు పెద్దవాళ్ళు ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతోంది. నలభైమందిని మీ ఒక్కరి మీద వదిలేసే చోట ఎంత మంచి టీచరైనా కాపలాదారుగా మిగిలిపోతుంది.

జీతం మాట దాచుకోవద్దు

ఇందులో కష్టానికి తగ్గ డబ్బు ఇంకా రావట్లేదు. తెలంగాణలో 2021 పెంపుతో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం నెలకి రూ.13,650 అయింది. ప్రైవేటులో చాలాచోట్ల మొదటి జీతం చిన్నదే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు ఇచ్చింది. వాళ్ళు చేసేది పూర్తి స్థాయి పని అని గుర్తించడంలో అది పెద్ద అడుగు. 2025-26లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ప్రీప్రైమరీ తరగతులు మొదలుపెట్టింది. అవకాశాలు పెరుగుతున్నాయి. అర్హత, అనుభవం రెండూ రాతపూర్వకంగా ఉన్నవాళ్ళకే అవి అందుతాయి. కాబట్టి పని చేస్తూనే డిప్లొమా పూర్తి చేయండి. ప్రతి చోటా అనుభవ పత్రం అడిగి తీసుకోండి. నియామక పత్రం లేకుండా ఎక్కడా చేరకండి.

మొదటి నెలలో ఇవి చేయండి

మొదటి వారం: పిల్లలందరి పేర్లు, ఇంట్లో పిలిచే ముద్దుపేర్లు, పడని తిండి పదార్థాలు నేర్చుకోండి.

రెండో వారం: ఐదు పాటలు, మూడు కథలు పుస్తకం చూడకుండా చెప్పగలిగేలా సాధన చేయండి. చేతులు, మొహం పిల్లల వైపు ఉంటేనే కథ పండుతుంది.

మూడో వారం: రోజుకి ఒక బిడ్డని పది నిమిషాలు గమనించి రాయడం మొదలుపెట్టండి.

నాలుగో వారం: ప్రతి తల్లికో తండ్రికో వాళ్ళ బిడ్డ గురించి ఒక మంచి సంగతి, మీ కళ్ళతో చూసింది, చెప్పండి. "బాగా చదువుతోంది" అని కాదు. "ఈరోజు కింద పడ్డ పాపని లేపి మట్టి దులిపింది" అని చెప్పండి. మీరు వాళ్ళ బిడ్డని నిజంగా చూస్తున్నారని ఆ ఒక్క వాక్యంతో నమ్మకం కుదురుతుంది.

ఈ నెలంతా మీ ఒంటిని కూడా చూసుకోండి. కూర్చుని లేచే పని ఎక్కువ కాబట్టి రోజూ నడవండి, మోకాళ్ళకి వ్యాయామం చేయండి. గొంతు ఎండిపోకుండా నీళ్ళు తాగండి. ఇంటికి వెళ్ళాక అరగంట మౌనంగా గడపండి.

ఇంకా సందేహమా? దగ్గర్లోని అంగన్‌వాడీకి వెళ్ళండి. చిలకలగూడలో ఉంటే అక్కడిది, రసూల్‌పురాలో ఉంటే అక్కడిది. టీచరమ్మ అనుమతి అడిగి, ఫోను సంచిలో పెట్టి, ఒక పూట నేల మీద పిల్లల పక్కన కూర్చోండి. అన్నం వేళకి మీ ఒళ్ళు అలిసిపోయినా, ఆ పిల్లల్లో కనీసం ఒకరి గురించి ఇంట్లో చెప్పాలనిపిస్తే, ఈ వృత్తి మీదే. అప్లికేషన్ నింపడానికి ఇక ఆలస్యం చేయకండి.